ఆ పిల్లంగోవి అవ్వది

రాతి బొమ్మలు చెక్కే మా షెడ్డులో గ్రైండర్ నడుస్తుంటే ఫోన్ మోగినా వినపడదు. ఆ రోజు జేబులో అదిరితే మిషన్ ఆపి చూశాను. చేసింది నంద్యాల అవ్వ కూతురు. మా ఆళ్లగడ్డలోనే, బస్టాండు వెనక వీధిలో కాపురం.

"అన్నా, మాయమ్మ పోయింది. పొద్దున, నంద్యాలలో," అంది. వెనకనుంచి ఎవరో పిలిస్తే పెట్టేసింది.

అవతలి మూల ఉలికి పదును పెట్టుకుంటున్న మా నాయన తలెత్తాడు. "ఎవురు రా?"

"నంద్యాల అవ్వ పోయిందంట నాయనా."

నాయన ఉలి కింద పెట్టాడు. లేచి మెయిన్ స్విచ్ ఆపేసి, "ఈ పొద్దుకు ఇంగ చాలు," అన్నాడు. అమావాస్య నాడు తప్ప పట్టపగలు మా షెడ్డు మూతపడింది లేదు. పనివాళ్లు నా ముఖం చూశారు. ఆమె మాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా మతం కాదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఏడెనిమిదేళ్ల పరిచయంలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అవ్వా అంటే పలికేది, అంతే.

ఆమెను మొదటిసారి చూసింది నంద్యాల బస్టాండులో. కట్టర్ బ్లేడ్లు కొనడానికి పోయి తిరిగొస్తున్నాను. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నడుం వంగని, ఎండిన కట్టెలాంటి ముసలమ్మ ఒకామె పొడుగాటి గోనె మూట ఎత్తుకొని వచ్చి నా ముందర నిలబడింది.

"లెయ్యప్పా. కిటికీ నాకు కావల్ల."

"ఏమవ్వా, వాంతులైతాయా?"

"నాకెందుకైతాయి వాంతులు? పని ఉండాది."

బస్సులో కిటికీతో పనేమిటో అర్థం కాలేదు. అయినా లేచి పక్కకు జరిగాను. బస్సు ఊరు దాటి, బియ్యం మిల్లులు దాటి, వేగం అందుకుంది. అప్పుడామె మూట విప్పింది. లోపలంతా పిల్లనగ్రోవులు. ఒకటి తీసి, రెండు చేతులతో పట్టుకొని కిటికీ బయట పెట్టింది. గాలికి ఎదురుగా అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పింది. ఒక చోట అది సన్నగా 'హూ' అంది. ఆమె తల వంచి విన్నది. సరే అనుకుందేమో, ఒళ్లో పెట్టుకుంది. ఇంకొకటి తీసింది. అది ఎంత తిప్పినా పలకలేదు. దాన్ని కాలి కింద పడేసింది.

కండక్టర్ అరిచాడు. "అవ్వా, చెయ్యి లోపలికి పెట్టు! లారీ వస్తే నీ చెయ్యి యాడుంటాదో తెల్దు."

"నువ్వు టికెట్లు కొట్టుకో నాయనా. అంత లావు లారీ నాకు కనపడదా?"

ఆయన గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. ఇది రోజూ జరిగే గొడవే అని తర్వాత తెలిసింది.

"నోటితో ఊది చూసుకోవచ్చు గదవ్వా?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి నోరు తెరిచి చూపింది. పైన ముందరి పండ్లు లేవు.

"పండ్లు ఉన్నప్పుడు ఊదినా. ఇప్పుడు గాలి ఊదుతాది, నేను వింటా. ఇదే మేలు. మనిషైతే చెడిపోయినదాన్ని గూడా ఎట్లో ఒగట్ల పలికిస్తాడు. గాలికి ఆ మొగమాటం లేదు."

శిరివెళ్ల దాటేసరికి నాలుగు ఆమె కాలి కిందికి పోయాయి. వాటినేం చేస్తావని అడిగితే, "పొయ్యిలోకి," అంది. అంతే. వాటి కోసం ఎన్ని గంటలు కూర్చుందో, ఎర్రగా కాల్చిన చువ్వతో బెజ్జాలు పొడుస్తూ చేతులు ఎన్నిసార్లు కాల్చుకుందో, ఆ సంగతే ఆమె ముఖంలో లేదు. నేను రాయి చెక్కేవాణ్ని. చేతిలో చెడిపోయిన పనిని చూసి ఇంత నిబ్బరంగా ఉండే మనిషిని అంతకుముందు చూడలేదు. మేము ముక్కు విరిగితే లప్పం పెట్టి రంగు పూసే రకం.

నా పనేమిటో చెబితే, "బొమ్మలు చెక్కేటోడివా? మా బిడ్డను మీ ఊర్లోనే ఇచ్చినాం. వస్తా ఒగసారి, చూస్తా," అంది. మాటవరసకు అందనుకున్నాను. ఆ నెలలోనే వచ్చింది. ఆ తర్వాత కూతురింటికి వచ్చినప్పుడల్లా మా షెడ్డుకు వచ్చేది. రాయి దిమ్మె మీద కూర్చొని, చాయ్ తాగి, ఏమీ అడక్కుండా మా చేతుల వైపు చూస్తూ ఉండేది. నచ్చితే ఏమీ అనేది కాదు. నచ్చకపోతే గొంతు సవరించుకొనేది. మా నాయనకు ఆ సవరింపు అస్సలు గిట్టేది కాదు.

ఆమె భర్త బతికున్న రోజుల్లో ఉరుసుల్లో, తిరునాళ్లలో పిల్లనగ్రోవులు అమ్మేవాడట. పొడుగాటి గడకు కొమ్మల్లా గుచ్చుకొని, ఒకటి ఊదుకుంటూ తిరిగేవాడు. మా ప్రాంతంలో అందరూ వాటిని 'సాయిబు పిల్లంగోవులు' అనేవారు. ఆయన పోయాక ఆ గడను ఆమే భుజాన వేసుకుంది. ఒకసారి మా బస్టాండులో నేను పక్కనుండగానే ఒక పెద్దమనిషి ఆగి అడిగాడు.

"సాయిబు చేసిపెట్టిన సరుకు ఇంగా ఉండాదా అవ్వా?"

ఆమె గడ కిందికి దించింది.

"సాయిబు ఊదినోడు. చేసింది నేను. చువ్వ పట్టుకుంటే ఆయప్పకు చెయ్యి వణికేది. ఆయప్ప ఉన్నప్పుడూ చేసింది నేనే, పోయినంకా చేస్తాండేది నేనే."

ఆయన తమాషాగా నవ్వి, ఒకటి కొనుక్కొని పోయాడు. నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది. ఆమె నవ్వలేదు. కాసేపయ్యాక తనలో తాను అనుకున్నట్టు, "ఆయప్ప ఊదితే మాత్రం, ఉరుసులో నడిచేటోళ్లు నిలబడిపోయేటోళ్లు," అంది. మొగుడి మీద కోపం లేదు. తన పని తనదని ఒక్కరూ అనలేదే అన్నదే ఆమె బాధ. అది మళ్లీ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు.

ఇక మా కృష్ణుడి సంగతి. బళ్లారి వైపు ఒక ఊరి గుడికి నల్లరాతిలో వేణుగోపాలస్వామి కావాలన్నారు. నాలుగడుగుల విగ్రహం, వెనక ఆవు. మూడు నెలలు పట్టింది. నా చేతిమీద పూర్తిగా జరిగిన మొదటి పెద్ద పని అది. ముఖం, కళ్లు మాత్రం నాయన సరిదిద్దాడు. పిల్లనగ్రోవికి బెజ్జాలు తొలచడం ఒక్కటే మిగిలింది. పెన్సిలుతో ఏడు గుర్తులు వరసగా, సమానంగా పెట్టుకున్నాను. రెండు కొనలూ గొట్టంలా కనబడాలని ముందే తొలిచేశాను. వారంలో లారీ వస్తుంది.

గుర్తులు పెట్టిన రోజే అవ్వ వచ్చింది. విగ్రహం చుట్టూ నెమ్మదిగా తిరిగింది.

"ఆవు బాగుండాది," అంది.

నేను ఎదురు చూశాను. ఆమె గొంతు సవరించుకుంది.

"ఏందవ్వా?"

"ఈ పిల్లంగోవి పలకదు."

నాయన వెనకనుంచి ఫక్కున నవ్వాడు. నాకు మండింది. "అవ్వా, ఇది రాయి. దీన్నెవురూ ఊదరు."

"ఊదేటోని చేతిలోనే పెట్టినావ్ గదా," అంది.

ఆమె ఇంకా దగ్గరికి వచ్చి, వేలు తగిలించకుండానే చూపుతూ పోయింది. "రెండు కొనలూ తెరిచి పెట్టినావే, గాలి యాడ నిలుస్తాది? మూతి కాడ కొన మూసుకొని ఉండల్ల. కణుపు యాడ? కణుపు లేకుండా ఏ కాడైనా పెరుగుతాదా? మూతి బెజ్జం పక్కనే వేలి బెజ్జానికి గుర్తు పెట్టినావ్. నడుమ అంత ఎడం ఉండొద్దా? ఇంగ ఆ మూతి చూడు. నవ్వుతా ఎవురైనా ఊదుతారా?"

పనివాళ్లు పనులాపి వింటున్నారు. నాయన గట్టిగా అన్నాడు. "అమ్మా, చూసేటోళ్లు చూస్తారు, మొక్కేటోళ్లు మొక్కుతారు. ఇన్ని తరాలుగా చెక్కుతాండాం. కణుపు లేదని ఏ దేవుడూ మమ్మల్ని అడగలే."

"దేవుడు అడగడు నాయనా. నేను అడుగుతాండా," అని ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి కూతురింటికి పోయింది.

మర్నాడు నేను బెజ్జాలు తొలచలేకపోయాను. పెన్సిలు గుర్తులు చూస్తుంటే ఏడు చీమలు బారు కట్టినట్టు కనబడ్డాయి. ఇంతవరకు నా జన్మలో నేను పిల్లనగ్రోవిని చేతిలోకి తీసుకొని చూడలేదని అప్పుడు అర్థమైంది. ఇతర బొమ్మలు చూసి చెక్కానే తప్ప, అసలు వస్తువును చూసి కాదు. అవ్వ అప్పటికే తన ఊరికి వెళ్లిపోయిందని కూతురు చెప్పింది. బస్సెక్కి నంద్యాల పోయాను.

ఆమె ఇల్లు ఒంటి గది. వాకిట్లో బొగ్గుల కుంపటి, అందులో ఎర్రగా కాలుతున్న ఇనుప చువ్వ, పక్కన ఆత్మకూరు నుంచి వచ్చిన వెదురు. కాలిన వెదురు వాసన వీధి చివరిదాకా ఉంది. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. చువ్వ పక్కన పెట్టి, "పా," అంది.

కుందూ ఒడ్డుకు తీసుకుపోయింది. ఆషాఢం గాలి. మాట నోట్లోంచి బయటికి రాకముందే ఎగిరిపోతోంది. ఏటి పక్కన కిక్కిస గుబురుగా పెరిగి ఉంది. చెరుకు ఆకుల్లాంటి ఆకులు, వెదురుకున్నట్టు కణుపులు, మనిషిని మించిన ఎత్తు, లోపలంతా డొల్ల. గొడ్లు తొక్కి, జనం కోసుకొని, చాలా కాడలు సగానికి విరిగి ఉన్నాయి.

"కూచో. మాట్లాడొద్దు," అంది.

కూర్చున్నాను. మొదట ఆకుల రొద తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆ రొద కింద ఇంకేదో ఉందని తెలిసింది. సన్నగా ఒకటి, దానికంటే బొంగురుగా ఇంకొకటి. గాలి పెరిగితే లేస్తున్నాయి, తగ్గితే ఆగుతున్నాయి.

ఆమె కాడలు పక్కకు తోసుకుంటూ పోయి, వెతికి, ఒకదాన్ని వంచి నాకు చూపింది. పైన విరిగిన కాడ. దాని పక్కన పురుగు తొలిచిన గుండ్రటి బెజ్జం.

"చూడు. కింద కణుపు మూసుకొని ఉండాది. పురుగు తనకోసం బెజ్జం చేసుకొని పోయింది. గాలి వచ్చి ఊదుతాంది. దీంట్లో మనిషి యాడుండాడు చెప్పు?"

అప్పుడు చెప్పింది తన చిన్ననాటి సంగతి. వాళ్లమ్మతో కలిసి తడికెలకు కిక్కిస కోయడానికి ఇదే ఒడ్డుకు వచ్చేదట. ఒకరోజు గుబురులో ఎవరో మూలుగుతున్నట్టు వినపడింది. సైతాను ఉన్నాడని ఏడ్చుకుంటూ పరిగెత్తింది. వాళ్లమ్మ తిట్టి, కొడవలి చేతికిచ్చి, "పోయి ఆ సైతాన్ను కోసుకొని రా," అందట. వణుకుతూ పోయి, చప్పుడొచ్చే కాడను కోసి, ఇంటికి తెచ్చింది. ఇంట్లో అది పలకలేదు.

"ఎంత ఊపినా పలకలే. చచ్చిపోయిందనుకున్యా. శానాసేపటికి తెలిసింది, ఇంట్లో గాలి లేదని. సరే, నేనే గాలి పెడదామని నోటి కాడ పెట్టుకున్యా. పలికింది."

తర్వాత ఇంకో బెజ్జం తనే పొడిచింది. స్వరం మారింది. ఇంకొకటి పొడిచింది. అన్ని కాడలూ ఊది చూసింది. "గుమ్మడి కాడ పలుకుతాది గానీ పొద్దెక్కేసరికి వాడిపోతాది. బొప్పాయి కాడ, ఆముదం కాడ ఒగ పూట. జొన్నదంటులో బెండు ఉంటాది, పలకదు. కిక్కిస ఎండినా నిలుస్తాది. దీనికి పెద్దన్న వెదురు. ఎవురూ నేర్పలే నాకు. మొదటిది పురుగూ గాలీ కలిసి చేసినాయి. వాటిని చూసి నేను చేసినా. ప్రపంచంలో మొట్టమొదట చేసినోడు గూడా ఇట్లనే ఏదో ఒడ్డున నిలబడి విని ఉంటాడు. వాడూ నా మాదిరి ముందు భయపడే ఉంటాడులే."

తర్వాతెప్పుడో మా షెడ్డుకు కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన వస్తే ఈ మాట చెప్పాను. విరిగిన కాడల్లో గాలి చేసిన చప్పుడు విని మనుషులు పిల్లనగ్రోవి నేర్చుకొని ఉంటారని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారట. వాళ్లు అనుకుంటారు. మా అవ్వకు చేతుల్లో తెలుసు.

ఆమె ఇచ్చిన ఒక మంచి పిల్లనగ్రోవితో ఇంటికొచ్చి, నాయనకు చెప్పాను. మూతి దగ్గరి కొనను తొలిచిన మేరకు బొటనవేలంత కోసేసి మూసిన కొన చేస్తాను, కణుపు తీస్తాను అని. రాతికి ఏదీ అతికించలేము. కణుపు పైకి లేవాలంటే మిగిలిన పిల్లనగ్రోవినంతా చుట్టూ తగ్గించాలి. అసలే చేతుల మధ్య గాల్లో నిలబడిన సన్నటి రాయి. ఇంకా సన్నం చేస్తే ఒక్క దెబ్బకు పుటుక్కుమంటుంది. విరిగితే విగ్రహమే పోయినట్టు. పిల్లనగ్రోవి విరిగిన దేవుణ్ని ఎవరూ తీసుకోరు.

"ఇరిగితే?" అన్నాడు నాయన.

"ఇరిగితే ఇంగోటి చెక్కుతా."

"నువ్వు, ఆ ముసలామె, ఇద్దరూ ఒగటే," అని పక్కకు పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గ్రైండర్ ముట్టలేదు. అదురుకు విరుగుతుంది. చిన్న ఉలి, చిన్న సుత్తి, ఆ తర్వాత నీళ్లు పోస్తూ సానరాయి. రోజుకు వేలెడంత జరిగేది. మూడో రోజు నడిమి భాగానికి వచ్చాను. అన్నిటికంటే ప్రమాదం అక్కడే. సుత్తి ఎత్తి మళ్లీ దించాను. అప్పుడు నాయన వచ్చి, తడి గుడ్డ అరచేతికి చుట్టుకొని, పిల్లనగ్రోవి కింద ఆనించి పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"కొట్టు," అన్నాడు.

ఆ రోజూ, మర్నాడూ ఆయన చెయ్యి అక్కడినుంచి తీయలేదు. కణుపు లేచింది. మూతి బెజ్జం, దానికి అంత దూరంలో వేలి బెజ్జాలు, అవ్వ ఇచ్చినదాన్ని పక్కన పెట్టుకొని తొలిచాను. పెదాల సంగతే నాకు తెగలేదు. నవ్వును ఎట్లా తీసేయాలి? తీస్తే ముఖమే పోతుంది. అట్లాగే వదిలేశాను.

లారీ వచ్చిన రోజు అవ్వకు కబురు పెట్టాను. ఆమె వచ్చి, ఎప్పటిలాగే దిమ్మె మీద కూర్చుంది. గుడి పెద్దమనిషి విగ్రహం చుట్టూ తిరిగి చూశాడు. పిల్లనగ్రోవి దగ్గర ఆగాడు.

"కణుపు గూడా పెట్టినారే! ఇట్లాంటిది యాడా చూడలేదు. కానీ స్వామి నవ్వుతున్నాడు. ఊదుతున్నట్టు లేదే?"

నేను నోరు తెరిచేలోపు దిమ్మె మీదనుంచి అవ్వ అంది. "ఇంగా ఊదలే నాయనా. ఊదబోతాండాడు. మంచి పిల్లంగోవి చేతికొస్తే ఎవురికైనా ముందు నవ్వొస్తాది."

ఆయన మళ్లీ విగ్రహం వైపు చూశాడు. ముఖమంతా విచ్చుకుంది. "ఈ అమ్మ ఎవరు?" అని అడిగాడు.

నేను చెప్పబోతుంటే నాయన ముందుకొచ్చాడు. "మా వాని గురువు," అన్నాడు. "పిల్లంగోవి ఆయమ్మ చెప్పినట్ల చెక్కినాం."

అవ్వ లేచి కొంగు సర్దుకుంది. "చెప్పడం గాదు. రాయి వాళ్లది. పిల్లంగోవి నాది," అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ పెద్దమనిషి ఆమెకు చేతులు జోడించాడు. ఆమె తల ఊపింది, ఆ దండం తనకు రావలసిందే అన్నట్టు.

బస్టాండుకు నేనే తీసుకుపోయాను. బస్సు కోసం నిలబడి అంది. "నేను చేసినవన్నీ పోతాయిరా బేటా. రెండేండ్లు, మూడేండ్లు. ఎండకు చీలతాయి, పురుగు పడతాది. ఇది పోదు." అంత సంతోషంగా ఆమెను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్లు ఎందరో ఉన్నారు, నాకంటే గొప్పవాళ్లు ఉన్నారు. కానీ కణుపున్న పిల్లనగ్రోవి కావాలంటే మా షెడ్డుకే రావాలి. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను, ఎవరు నేర్పారో కూడా చెబుతాను.

అవ్వ పోయిన మూడో రోజు, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే జియారత్‌కు నేనూ నాయనా నంద్యాల పోయాం. వీధిలో వేసిన టెంటు కింద మగవాళ్లతో కూర్చున్నాం. తిరిగి బయలుదేరేటప్పుడు ఆమె కూతురు గడప దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. ఏదో అడగాలని వచ్చి, అడగలేక నిలబడింది.

"ఏందమ్మా?" అన్నాడు నాయన.

"ఏం లేదు పెద్దనాయనా... మాయమ్మ చెప్తాండె, ఏదో గుడిలో కిష్ణుని చేతిలో ఉండేది నా పిల్లంగోవే అని. ఆసుపత్రిలో నర్సులకు గూడా చెప్పింది. మేము మతి పోయిందనుకున్యాం. మావోళ్లందరూ నవ్వేటోళ్లు. నేనూ నవ్వినా." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. నిజమేనా?"

నేను ఫోన్ తీశాను. లారీ ఎక్కించకముందు తీసిన ఫోటో. రెండు వేళ్లతో పెద్దది చేసి, పిల్లనగ్రోవి ఒక్కటే కనబడేట్టు ఆమె చేతిలో పెట్టాను. కణుపు, మూసిన కొన, మూతి బెజ్జం, ఆ ఎడం, వేలి బెజ్జాలు.

"చేసింది మీయమ్మ," అన్నాను. "మేము చెక్కినాం, అంతే."

ఆమె చాలాసేపు చూసింది. వెదురు మధ్య పెరిగిన పిల్ల కదా, ఏది చూడాలో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ నాకు ఇవ్వకుండానే వెనక్కి తిరిగి, ఇల్లంతా వినపడేట్టు గట్టిగా పిలిచింది.

"అందరూ ఇట్ల రాండి! మాయమ్మ చేసింది చూద్దురు, రాండి!"